పూటకూళ్ళయింటినుండి అమృత విలాస్ వరకు : పనిచోటి హాస్యమును, ఇంటి ప్రతియు

ఆంధ్రవాఙ్మయ చరిత్రకారులు హాస్యమును గూర్చి వ్రాయునపుడు చాటువును, ప్రబంధమును, ప్రహసనమును, నవలను, కథానికను పరిశీలించిరి. టెలివిజన్ ధారావాహిక వారి పరిశీలనలోనికి అంతగా రాలేదు. దీనికి రెండు కారణములు చెప్పుట కలదు. అది వినోదవ్యాపారమనునది మొదటిది. ఒకమారు ప్రసారమై గాలిలో కలసిపోవునది శాస్త్రీయ పరిశీలనకు నిలువదనునది రెండవది. మొదటి కారణమున బలము లేదు. సురభివారి నాటకములు టిక్కెట్టు కొన్నవారి కొరకే ఆడబడినవి. అయినను నాటకచరిత్రలో వారికి స్థానము లభించినది. రెండవ కారణము మాత్రము విచారింపదగినది. ప్రతి లేనిదే పరిశీలన లేదు. కావున ప్రతి ఏర్పడిననాటినుండి ఆ కారణమును చెల్లదని గ్రహింపవలెను.

ఈ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న ఇది: ఒక హోటలును కేంద్రముగా గొని నడచిన హాస్యధారావాహికను, దాని ప్రసారము 2007లో ముగిసిన పిమ్మటను, జనులు తమ ఇండ్లలో మరల మరల చూచుటకు హేతువేమి? హుజూరాబాదున తెలుగు బోధించుచున్న ఈ వ్యాసకర్తకు ఈ ప్రశ్న తరగతి గదిలోనే ఎదురైనది. 'అమృతం' ప్రసారమగుచున్ననాడు పసిబిడ్డలుగానున్న విద్యార్థులు నేడు దాని పాత్రలను పేరుపేరున ఎరుగుదురు. వారు దానిని ఆదివారపు ప్రసారమున చూచినవారు కారు; ఇంటి ప్రతిలో చూచినవారు. ఒక రచన తన కాలమును దాటి, తన తొలి పాఠకులను దాటి, మరియొక తరమునకు చేరినచో దానికి కారణము వెదకుట సాహిత్యచరిత్ర పనియే.

మొదట పనిచోటి హాస్యమనగా ఏమో నిర్ణయించుకొనవలెను. పనిచేయు తావున జరిగిన నవ్వు మాటలన్నియు ఈ కోవకు చెందవు. ఇందు మూడు లక్షణములు కానవచ్చును. పాత్రలు జీవనోపాధి వలన ఒక చోటికి కట్టుబడి యుండవలెను. అలిగి వెడలిపోయినను మరునాడు మరలి రాక తప్పరాదు. రెండవది, వారు ఒకరినొకరు కోరి చేరినవారు కాకుండవలెను. యజమాని, పనివాడు, అప్పులవాడు, ఇంటి యజమాని మొదలగువారిని అవసరమే కూర్చును. మూడవది, ధనము, హోదా, నియమము అను విషయములు ప్రతిదినము క్రొత్తగా చిక్కు తెచ్చుచుండవలెను. మునిమాణిక్యము నరసింహారావుగారి కాంతము కథలలో నవ్వునకు ఆధారము దాంపత్యస్నేహము. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశమునందు ఆధారము ప్రయాణము. చోటు మారుచుండుటయే అందలి యంత్రము. పనిచోటి హాస్యమున చోటు మారదు, మనుష్యులు మారరు, చిక్కు మాత్రము మారుచుండును.

ఈ లక్షణములన్నియు గల రచన మన ప్రాచీన సాహిత్యమున దొరకదు గాని, దాని ఛాయలు కలవు. హుజూరాబాదు హనుమకొండ–కరీంనగరు మార్గమున నున్నది. ఆ మార్గమున హనుమకొండ వైపు సాగినచో చేరునది క్రీడాభిరామమునకు రంగస్థలమైన ఓరుగల్లు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ఆ వీథిలో గోవింద మంచనశర్మయు, టిట్టిభసెట్టియు అను మిత్రులిద్దరు నగరమంతయు తిరిగి, చూచినదానినెల్ల మాటలలో పెట్టుచుందురు. వారు పూటకూళ్ళయింట భోజనము చేయు ఘట్టము సుప్రసిద్ధము. లక్ష్మణవజ్ఝల యింట ఒక్క రూకకు ఏమేమి వడ్డింతురో కవి పట్టిక వేసినట్లు చెప్పెను. ఇద్దరు మిత్రుల సంభాషణము, ఒక భోజనశాల, చేతిలోని రూక, తెలుగు హాస్యమునకు కావలసిన పరికరములు కాకతీయుల రాజధానిని వర్ణించిన ఈ గ్రంథముననే చేరినవి. అయినను మంచనశర్మ అచట భోజనము చేసి పోవు అతిథి మాత్రమే. పూటకూళ్ళయింటివాని దినదిన చింత ఆ గ్రంథమునకు విషయము కాలేదు.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడి, 1909లో సమగ్రముగా పెంపొందింపబడిన రూపమున వెలువడినది. అందు పూటకూళ్ళమ్మ ఒక మెట్టు ముందునకు వచ్చినది. గిరీశము ఆమె అన్నము తిని, ఆమె సొమ్ము వాడుకొని, ఆమెకు చిక్కక తిరుగును. చీపురుకట్టతో ఆమె మధురవాణి యింటికి వచ్చిన ఘట్టమున నవ్వునకు మూలము ఎగవేయబడిన బాకీ. ఇచట భోజనశాల నడపు మనిషి కోపము వినబడినది. కాని అదియు ఒక ఘట్టము వరకే. హోటలు నడపువారినే నాయకులను చేసి, వారి నష్టములనే కథావస్తువుగా గైకొనుటకు తెలుగు హాస్యము టెలివిజన్ వరకు వేచియుండవలసి వచ్చినది. దీనికి కారణము కవుల అశక్తి కాదు, ప్రక్రియాభేదము. ఒకే చోటు, ఒకే మనుష్యులు, వారము వారము క్రొత్త చిక్కు అను పద్ధతికి వారపు ప్రసారము ఇచ్చిన అనుకూలత ఒక రాత్రి నాటకమున లభింపదు.

భారతదేశమున టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రారంభమైనది. 1975 ఆగస్టునుండి ఒక సంవత్సరము పాటు ఉపగ్రహము ద్వారా జరిగిన బోధనప్రయోగములో ఆరు రాష్ట్రములందలి సుమారు 2,400 గ్రామములు చేరినవి. అందు ఆంధ్రప్రదేశ్ గ్రామములును కలవు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977 అక్టోబరు 23న మొదలైనది. 1982లో రంగుల ప్రసారము వచ్చినది. 1995లో ఈటీవీ, జెమిని అను ప్రైవేటు తెలుగు ఛానళ్ళు వెలసినవి. ఈ కాలమంతయు ప్రేక్షకునికి కార్యక్రమము ఒక్కమారు వినిన హరికథ వంటిది. కరెంటు పోయిన సాయంకాలము తప్పిపోయినది మరల చిక్కదు. దూరదర్శన్ తొలినాళ్ళ తెలుగు నాటికలను, హాస్యఘట్టములను పెద్దలు నేటికిని తలచుకొందురు గాని, పరిశోధకుడు చూడగోరినచో వానిలో పెక్కు లభించుట లేదు. జ్ఞాపకము సాక్ష్యమగును గాని పాఠము కాజాలదు.

వీడియో క్యాసెట్టు ఈ స్థితిని మార్చినది. జపానున 1976లో విపణికి వచ్చిన వీ.హెచ్.ఎస్. క్యాసెట్టు 1980 ప్రాంతములలో తెలుగు పట్టణములకు చేరినది. ఉత్తర తెలంగాణపు చిన్న పట్టణములలోను వీడియో యంత్రమును, క్యాసెట్టును కిరాయికి తెచ్చి, పెండ్లియింటనో పండుగనాడో తెల్లవార్లు చిత్రములు చూచుట ఆనాటివారికి తెలిసిన ముచ్చటయే. తరువాత వీ.సీ.డీ., డీ.వీ.డీ.లు వచ్చి ధర తగ్గించినవి. అయితే ఆ దుకాణములలో దొరికినవి ప్రధానముగా చలనచిత్రములు. చలనచిత్రములనుండి ఏర్చికూర్చిన హాస్యఘట్టముల పళ్ళెములును ఉండెడివి. టెలివిజన్ ధారావాహికకు ఆ అంగడిలో చోటు అరుదు. అది ఇంటి ప్రతిగా మారినది అంతర్జాలము విస్తరించిన పిమ్మటనే. యంత్రము మారినను ఫలమొక్కటే. ప్రసారవేళకు ప్రేక్షకుడు కట్టుబడుట పోయి, ప్రేక్షకుని వేళకు కార్యక్రమము కట్టుబడినది. తాళపత్రప్రతి చేత నున్నవాడు కవిని మరల రప్పించుకొనగల్గినట్లే ఇదియు.

ఈ మార్పు ఎంత గొప్పదో ఇంగ్లండు చరిత్ర వలన తెలియును. బి.బి.సి. సంస్థ 1960, 1970 దశకములలో టేపులను మరల వాడుకొనుటకై పెక్కు కార్యక్రమములను తుడిచివేసినది. ఎంతో ఆదరణ పొందిన 'డాడ్స్ ఆర్మీ' అను హాస్యధారావాహికలోని మూడు భాగములు నేటికిని లభింపలేదు. దానికి భిన్నముగా, జాన్ క్లీజ్, కానీ బూత్ అనువారు రచించిన 'ఫాల్టీ టవర్స్' 1975, 1979 సంవత్సరములలో కేవలము 12 భాగములుగా వెలువడి, ఇంటి ప్రతుల మూలమున ప్రపంచమంతయు వ్యాపించినది. అది ఒక ఊరి హోటలు యజమాని కథ. 1980లో మొదలై, పేరు మార్చుకొని 1988 వరకు సాగిన 'యెస్ మినిస్టర్' ఒక మంత్రి కార్యాలయపు కథ. దానిని 2001లో హిందీలో 'జీ మంత్రీజీ'గా మలచిరి. అదే సంవత్సరమున 'ఆఫీస్ ఆఫీస్' అను హిందీ ధారావాహికయు వెలువడినది. ఇంటి ప్రతిలో బ్రతికిన హాస్యములలో పనిచోటి కథలకు ఇంత స్థానము లభించుట యాదృచ్ఛికమని తోచదు.

తెలుగున అట్టి స్థానము 'అమృతం'నకు దక్కినది. గుణ్ణం గంగరాజుగారి జస్ట్ ఎల్లో సంస్థ నిర్మించిన ఈ ధారావాహిక జెమిని టీవీలో 2001 నవంబరు 18న ప్రారంభమై 2007 నవంబరు 18న ముగిసినది. మొత్తము 313 భాగములు. ఈ రెండు తేదీలును ఆదివారములే. ఆరు సంవత్సరముల ఆదివారములను లెక్కించినచో దాదాపుగా ఆ సంఖ్యయే వచ్చును. అమృతరావు, ఆంజనేయులు అను మిత్రులు 'అమృత విలాస్' అను హోటలు నడుపుదురు. వారి భార్యలు సంజీవని, శాంత. హోటలులో పనిచేయువాడు సర్వం. వీరందరికిని ఇంటి యజమాని అప్పాజీ. గుండు హనుమంతరావుగారు ఆంజనేయులుగను, నారిపెద్ది శివన్నారాయణగారు అప్పాజీగను, వాసు ఇంటూరిగారు సర్వముగను ప్రసిద్ధి పొందిరి. హనుమంతరావుగారు 2018 ఫిబ్రవరి 19న దివంగతులైరి.

పేర్లలోనే రచనాచమత్కారము కలదు. అమృతమును, సంజీవనియు ప్రాణమును నిలుపునవి. సంజీవనిని తెచ్చినవాడు ఆంజనేయుడు. పురాణపు పేర్ల గొప్పతనమునకును, ఇడ్లీపిండికి చాలని గల్లాపెట్టెకును గల దూరమే ఇచట నవ్వు. 'విలాస్' అనునది హోటళ్ళ పేర్లకు తగిలించు మాట. తెలుగున విలాసమనగా వేడుకయు అగును, చిరునామాయు అగును. ఈ కథలో వేడుక యెండమావి. చిరునామా మాత్రము స్థిరము. సర్వము చేయువానికి సర్వమను పేరు సర్వరను ఇంగ్లీషు మాటకు చెవిలో దగ్గరగా వినబడును. ఇట్టి చమత్కారములు ప్రసారవేళ తొందరలో సగము జారిపోవును. రెండవమారు చూచునప్పుడు చిక్కును.

ఇచటనే మన ప్రశ్నకు సమాధానము మొదలగును. ఫలితము తెలియుటతో ముగియు కథ ఇంటి ప్రతిలో త్వరగా పాతబడును. హంతకుడెవరో తెలిసిన పిమ్మట అపరాధపరిశోధక నవలను మరల చదువువారు కొలదిమంది. 'అమృతం'లో ఫలితము మొదటి భాగముననే తెలియును: అమృతరావు ధనవంతుడు కాడు. అతని పన్నుగడ చెడును, ఆంజనేయులు దానిని మరింత చెరచును, అప్పాజీ కిరాయి అడుగును. తెలియనిది ఏమి జరుగునో కాదు, ఆ మనిషి దానిని ఏ మాటతో ఎదుర్కొనునో. ప్రేక్షకుడు స్వభావమును చూడ వచ్చును. స్వభావము తెలిసినకొలది రుచి పెరుగును గాని తరుగదు.

ఈ విషయము మనకు క్రొత్తది కాదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క తెరపైకి వచ్చుటతోడనే జనులు నవ్వుదురు. వారు చేయబోవునది జనులకు ముందే తెలియును. కరీంనగరు సీమలో ఒగ్గుకథ వినువారికి మల్లన్న కథ తెలియదా? తెలిసియే తెల్లవార్లు కూర్చుందురు. పాత్ర నటునికంటె గట్టిదనుటకు 'అమృతం'లోనే నిదర్శనము కలదు. అమృతరావు పాత్రను మొదట శివాజీరాజాగారు, తరువాత నరేశ్‌గారు, ఆ పిమ్మట హర్షవర్ధన్‌గారు ధరించిరి. ముగ్గురు నటులు మారినను ఆ పాత్ర చెడలేదు. వీథిభాగవతమున వేషము తాతనుండి మనుమనికి దిగివచ్చినట్లు, ఆ వేషము చేతులు మారినది.

భరతముని హాసమును స్మితము మొదలు అతిహసితము వరకు ఆరు విధములుగా విభజించి, మొదటి రెండింటిని ఉత్తమప్రకృతులకు చెప్పెను. సభలో పదిమందితో చూచినపుడు నవ్వు పెద్దదగును. ఒకరిని చూచి ఒకరు నవ్వుదురు. ఇంట ఒంటరిగా, చూచినదానినే చూచునపుడు ఆ పెద్దనవ్వు తగ్గి స్మితము మిగులును. బిగ్గరగా నవ్వించుటకే కూర్చిన ఘట్టము ఈ పరీక్షకు నిలువదు. దెబ్బ తగిలి పడిపోవు విదూషకుడు మూడవమారు పడినపుడు నవ్వు రాదు. మాటతీరును ఆశ్రయించిన హాస్యము నిలుచును. ఇంటి ప్రతి ఈ విధముగా హాస్యమునకు ఒరపిడిరాయి యైనది.

ప్రతిపక్షమున ఒక మాట చెప్పవచ్చును. ఇదంతయు గతకాలముపై మమకారమే గాని రచన గుణము కాదని. అదియే నిజమైనచో అవే పాత్రలను ఎచట చూపినను జనులు అదే విధముగ ఆదరింపవలెను. గంగరాజుగారే 2014లో 'అమృతం చందమామలో' అను చలనచిత్రము తీసిరి. మిత్రులు తమ హోటలును చంద్రునిపై పెట్టబోవుట అందలి కథ. 2020 మార్చి 25న, ఉగాదినాడు, జీ5 వేదికపై 'అమృతం ద్వితీయం' మొదలైనది. మొదటి ధారావాహికకు గలిగిన ఆదరణ చలనచిత్రమునకు దక్కలేదు. మమకారమున్నను దక్కలేదనగా కారణము వేరుగా నుండవలెను. రెండుగంటల చిత్రమునకు ఆదిమధ్యాంతములు కావలెను. అంతమునకై పరుగెత్తు కథలో స్వభావమునకు తీరిక చాలదు. చంద్రునిపై పెట్టిన హోటలు వింతయగును గాని పనిచోటు కాదు. ప్రక్క వీధిలో అప్పులవాడు లేనిదే అమృత విలాస్ లేదు. ఇంకొకటి కూడ గమనింపవలెను. ప్రసారకాలమున పుట్టియుండని వారును, పసివారును దీనిని నేడు చూచుచున్నారు. వారికి అది గతకాలము కాదు.

హుజూరాబాదు ప్రేక్షకుని దృష్టిలో ఈ ధారావాహికకు ఒక కొరతయు కలదు. ప్రధానపాత్రల పలుకుబడి ఈ సీమది కాదు. హైదరాబాదు కిరాయి ఇండ్లలో స్థిరపడిన మధ్యతరగతి ఆంధ్రజనుల శిష్టభాష అది. వారు అద్దె యన్నది ఇచట కిరాయి. వారు అరువన్నది ఇచట ఉద్దెర. అయినను జమ్మికుంట ప్రత్తి మార్కెటు చుట్టును, హుజూరాబాదు బస్సు నిలుచుచోటను చాయహోటలు నడుపువాని చింతకు అమృతరావు చింత దూరముకాదు. మాట మారినను బాకీ మారదు. పనిచోటి హాస్యము మాండలికపు గట్టు దాటగల్గుటకు కారణమిదే: జీవనోపాధి చిక్కు అందరికిని తెలిసిన వ్యాకరణము. కాని తన చిక్కును తన మాటలో వినుట వేరు. పూర్వపు కరీంనగరు జిల్లాలో, నేటి జగిత్యాల జిల్లా మల్యాల మండలపు లంబాడిపల్లెనుండి 2012లో మొదలైన 'మై విలేజ్ షో' ఆ కొరతను కొంత తీర్చినది. గంగవ్వ నోట పల్లెపనులు, పల్లెమాటలు యూట్యూబు ద్వారా దేశాంతరములకు పోయినవి. అది ప్రసారమునుండి ఇంటి ప్రతిగా మారినది కాదు. ఇంటి ప్రతిగనే పుట్టినది. అచట పొలమే పనిచోటు.

ఇంతవరకు చెప్పినదానివలన ఒక కర్తవ్యము ఏర్పడుచున్నది. 'అమృతం' భాగములు నేడు యూట్యూబులో చూడవచ్చును గనుక ప్రతి భద్రమని తలచుట పొరపాటు. పూర్వము క్యాసెట్టు ఇంటి అలమరలో నుండెను. నేటి ప్రతి మరియొకరి గిడ్డంగిలో నుండి మన ఇంట కనబడుచున్నది. హక్కుదారు తలచినచో మరునాడు కనబడదు. క్రీడాభిరామమును మానవల్లి రామకృష్ణకవిగారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వెలుగులోనికి తెచ్చి పరిష్కరింపనిచో పూటకూళ్ళయింటి రూక లెక్క మనకు తెలిసెడిది కాదు. ఆ పండితులకు తాళపత్రములు దొరికినవి. మన తరువాతివారికి ఏమి దొరకును?

తెలుగు శాఖలు చేయదగిన పని పెద్ద వ్యయముతో కూడినది కాదు. హక్కుదారుల అనుమతితో ఎన్నదగిన ధారావాహికల ప్రతులను గ్రంథాలయమున నిలుపవలెను. భాగము భాగమునకు రచయిత, దర్శకుడు, నటులు, ప్రసారతేదీ వ్రాసిపెట్టవలెను. సంభాషణములను లిపిబద్ధము చేయవలెను; ఒక్క 'అమృతం'నుండియే హోటలు వృత్తికి, బాకీకి, కిరాయికి సంబంధించిన పదకోశమును కూర్పవచ్చును. ఉత్తర తెలంగాణ విద్యార్థి ఆ పదములకు తన సీమలోని సమానపదములను ప్రక్కన వ్రాసినచో అది వృత్తిపదపరిశోధనకే ఉపకరించును. 313 భాగములు ఒక పరిశోధకునకు అధికమే గాని, ఒక తరగతికి అధికము కావు. దూరదర్శన్ తొలి హాస్యమును మనము చేజార్చుకొంటిమి. దీనినైనను ఈ తరముననే పట్టిక వేయ మొదలిడుట మంచిది.